ఆంగ్ల బోధనలో మౌలిక భావన కేంద్రంగా యూనిట్ ప్రణాళిక: ఆర్టికల్స్ బోధన - ఒక పరిశీలన

ఆంగ్ల తరగతిలో యూనిట్ ప్రణాళిక సాధారణంగా పాఠం పేరుతోనో, వ్యాకరణాంశం పేరుతోనో మొదలవుతుంది. దీనివల్ల సిలబస్ పూర్తవుతుంది గాని, నేర్చినది కొత్త సందర్భంలో అక్కరకు వస్తుందన్న హామీ లేదు. ఖాళీలను సరిగా పూరించిన విద్యార్థి సొంతంగా పేరా రాసేటప్పుడు ‘ఎ’, ‘ద’ల దగ్గర తడబడటం అధ్యాపకులు తరచూ గమనించేదే.

ప్రతి విషయానికీ ఉన్న మౌలిక నిర్మాణాన్ని బోధించాలనీ, అవే భావనలను పై తరగతుల్లో మరింత లోతుగా తిరిగి స్పృశించాలనీ జెరోమ్ బ్రూనర్ 1960లో ‘ది ప్రాసెస్ ఆఫ్ ఎడ్యుకేషన్’లో ప్రతిపాదించారు. గ్రాంట్ విగ్గిన్స్, జే మెక్‌టై 1998లో వెలువరించిన ‘అండర్‌స్టాండింగ్ బై డిజైన్’ దీనికి ఆచరణరూపం ఇచ్చింది. వారి క్రమంలో ఆశించే ఫలితం, దానికి నిదర్శనం ముందు నిర్ణయమవుతాయి. బోధనాకృత్యాలు ఆ తరువాతే వస్తాయి.

ఆర్టికల్స్ వెనుక ఉన్న ప్రధాన భావన ఒక ప్రశ్నలో ఇముడుతుంది: చెప్పే వస్తువు ఏదో వినేవారు గుర్తించగలరా? తెలుగులో ఆర్టికల్స్ లేవు గాని, ఈ భావన ఉంది. ‘ఊరి చివర ఒక బావి ఉంది. ఆ బావిలో నీళ్లు తియ్యగా ఉంటాయి’ అన్నప్పుడు ‘ఒక’ నుంచి ‘ఆ’కు జరిగిన మార్పే ఆంగ్లంలో ‘ఎ వెల్’ నుంచి ‘ద వెల్’కు జరుగుతుంది. అయితే ‘తలుపు వెయ్యి’ అన్న వాక్యంలో ‘ఆ’ లేదు. ఏ తలుపో ఇద్దరికీ తెలుసు. ఆంగ్లంలో మాత్రం అక్కడ ‘ద’ తప్పనిసరి. అందువల్ల పదానికి పదం పెట్టే అనువాదం చాలదు. భావననే ప్రశ్నగా వేసుకోవాలి.

ఈ యూనిట్‌లో ఆశించే ఫలితం, తన ఎంపికకు విద్యార్థి కారణం చెప్పగలగడం. నిదర్శనంగా కళాశాల ఆవరణను ఒకసారి సహాధ్యాయికి, మరోసారి ఎన్నడూ చూడని వ్యక్తికి వర్ణించమనవచ్చు. వినేవారు మారితే ఆర్టికల్స్ ఎక్కడ మారాయో, ఎందుకు మారాయో విద్యార్థి వివరించాలి. తెలుగు కథనాలను అనువదించి పోల్చడం, వార్తాంశాల్లో ఒక వస్తువు మొదటి, రెండవ ప్రస్తావనలను గుర్తించడం ఇందుకు తోడ్పడే కృత్యాలు. డిగ్రీ స్థాయిలో ఇదే భావన పేరాలోని వాక్యాల పొందికను వివరించడానికి పనికివస్తుంది.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. నదుల పేర్లకు ముందు ‘ద’ వంటి వాడుకలను ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిందే. ప్రశ్నపత్రం ఖాళీలకే పరిమితమైతే ప్రణాళిక మారినా తరగతి మారదు. కనుక భావనాధారిత ప్రణాళిక మూల్యాంకనం నుంచే ప్రారంభం కావాలి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థికి అప్పుడు మాతృభాష అడ్డంకిగా గాక, ఆధారంగా నిలుస్తుంది.