కూలి అడగడం పాపమా?

ఈ మాటలు చదువుతున్న వారిలో కొందరు ఇప్పుడే మిరప చేనునుండి వచ్చి, మండుతున్న చేతులకు నూనె రాసుకొని కూర్చొని ఉంటారు. మన గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో ప్రతి ఏటా చూసేదే. కోత అయిపోతుంది, కాయ కల్లంలో ఎండుతుంది, టిక్కీలకెక్కి గుంటూరు యార్డుకు వెళ్తుంది. కూలి మాత్రం రాదు. అడిగితే కాయ అమ్మాక ఇస్తానంటారు. అమ్మాక, కొట్టు నుండి డబ్బు ఇంకా రాలేదంటారు. ఆ తర్వాత ఫోను ఎత్తరు.

కొన్నేళ్ళ క్రితం మా సంఘంలో ఒక సహోదరి ఆరాధన అయ్యాక నా దగ్గరకు వచ్చి, “అయ్యగారూ, ఇరవై మూడు రోజుల కూలి రావాలి, ప్రార్థన చేయండి” అంది. చేశాను. దేవుడు చూసుకుంటాడమ్మా, ఓపిక పట్టు అని చెప్పి పంపించాను. రెండు నెలల తర్వాత తెలిసింది, ఆ కూలి ఎగ్గొట్టినాయన మా సంఘంలోనే ముందు వరుసలో కూర్చునే పెద్ద అని. ఆమెకు ఆ సంగతి నాతో చెప్పడానికి ధైర్యం చాలలేదు, ఎవరు ఇవ్వాలి అని అడగాలనే ఆలోచన నాకు రాలేదు. సెమినరీలో గ్రీకు, హెబ్రీ నేర్చుకున్నవాణ్ణి, ఆ ఒక్క ప్రశ్న అడగలేకపోయాను.

లేఖనం ఈ విషయంలో దాచిపెట్టి మాట్లాడలేదు. లేవీయకాండము 19:13 కూలివాని సొమ్మును తెల్లవారేదాకా దగ్గర ఉంచుకోవద్దంటుంది. ద్వితీయోపదేశకాండము 24:15 ఇంకా గట్టిగా, ప్రొద్దు గుంకకముందే ఇవ్వాలంటుంది. కారణం కూడా అక్కడే ఉంది: అతడు బీదవాడు, ఆ కూలిమీదనే ఆశ పెట్టుకొని ఉన్నాడు. యజమానికి అది నెలాఖరు లెక్క కావచ్చు, కూలివానికి మాత్రం అది ఆ రాత్రి బియ్యం. యాకోబు 5:4లోనైతే మొరపెట్టేది కోతవాళ్ళు మాత్రమే కాదు, బిగబట్టిన కూలి కూడా మొరపెడుతుంది.

అయినా మన సంఘాల్లో ఒక వాక్యం అడ్డం తెస్తారు. మొదటి కొరింథీయులకు 6వ అధ్యాయం: విశ్వాసి మీద విశ్వాసి న్యాయస్థానానికి వెళ్ళకూడదు కదా అంటారు. ప్రియులారా, ఆ అధ్యాయాన్ని మొదటి వచనం దగ్గర ఆపవద్దు. ఐదో వచనంలో పౌలు, తగవు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని సంఘానికి సిగ్గు కలిగిస్తున్నాడు. ఎనిమిదో వచనంలో సహోదరులను మోసగించేవారిని గద్దిస్తున్నాడు. మధ్యలో ఏడో వచనం, అన్యాయాన్ని సహించడం మేలు కాదా అని అడుగుతుంది నిజమే. అయితే తన హక్కును ఎవరైనా తానే వదులుకోవాలి గాని, బాకీ ఉన్నవాడు, అతని పక్కన కూర్చునేవాడు కలిసి ఆ పేదరాలి చేత వదిలించకూడదు. పౌలు కూడా తనకు న్యాయం జరగదని తెలిసినప్పుడు కైసరుకు చెప్పుకున్నాడు.

ఇక్కడ మన ఒంగోలు చరిత్ర ఒకటి చెప్పాలి. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. కరువు పనుల మీద అజమాయిషీ చేసేవాళ్ళ తిట్లకు, మోసాలకు మాదిగ పేటల జనం భయపడేవారు. క్లౌ తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, చేసిన పనికి కూలి చేతికందేలా చూశాడు. ఆ కరువు పని జరుగుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు, కూలి కోసం ఎవరూ నీళ్ళలో దిగకూడదని. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారని మనం గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందు కాలువ గట్టు మీద కూలి లెక్క సరిగా నడిచిందన్న మాట మాత్రం ఎందుకో మరచిపోతాం.

సరే, ఇప్పుడు ఏం చేయాలి? మొదటిది లెక్క. ఏ తేదీన, ఎవరి చేలో, ఎన్ని కిలోలు, ఎంత రేటు, ఎంత ముట్టింది, ఎవరు పక్కన పనిచేశారు, ఇవన్నీ ఆ రోజే రాయాలి. చదువు రానివారు ఇంట్లో బడికి వెళ్ళే పిల్లల చేత రాయించండి. ఇచ్చిన అడ్వాన్సు కూడా దాచకుండా రాయండి, అది మీ మాటకు బలం. రెండోది, సంఘం లోపలి తగవైతే పెద్దలను కూర్చోబెట్టండి గాని గడువు పెట్టండి, పది రోజులో పదిహేను రోజులో. గడువు లేని పంచాయితీ బాకీ ఉన్నవానికే లాభం.

గడువు దాటితే లేబర్ ఆఫీసుకు వెళ్ళడంలో తప్పు లేదు. ఇదివరకు 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం, 1948 నాటి కనీస వేతనాల చట్టం ఉండేవి. వాటి స్థానంలో 2019లో చేసిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం రోజు కూలి ఆ రోజు పని ముగిసేసరికి ఇవ్వాలి, వారం లెక్కైతే వారంలో ఆఖరి పనిరోజున ఇవ్వాలి. మోషే చెప్పిన దానికి ఎంత దగ్గరో చూడండి. కనీస వేతనం తగ్గిందని అడగడానికి పాత చట్టంలో ఆరు నెలలే గడువు, ఇప్పుడు మూడేళ్ళు. అన్నిటికంటె ముఖ్యం, కూలి ఇచ్చేశానని రుజువు చేయవలసిన భారం యజమాని మీదనే పెట్టారు. బాకీతో పాటు దానికి పది రెట్ల వరకు నష్టపరిహారం ఇప్పించే అధికారం విచారణ అధికారికి ఉంది. అప్పటికీ కట్టకపోతే శిస్తు బకాయి వసూలు చేసినట్లు కలెక్టరు ద్వారా వసూలు చేయవచ్చు.

మేస్త్రి డబ్బు పట్టుకొని పోయాడా? ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుండి సుగ్గికి వచ్చి మన చేలల్లో గుడారాలు వేసుకొనే కుటుంబాలకు ఇది ఎక్కువగా జరిగేది. మేస్త్రి ఇవ్వకపోతే పని చేయించుకున్న అసలు యజమానే బాధ్యుడని అదే కోడ్ చెబుతుంది. వాళ్ళు మన సంఘంవారు కారు గదా అనకండి. పరదేశికి కూడా అదే నియమమని ద్వితీయోపదేశకాండములో ఉంది.

భయం సంగతి నాకు తెలుసు. రేపటినుండి పనిలోకి పిలవరు అంటారు. 1991లో చుండూరులో దళితులను పనుల్లోకి రానివ్వకుండా వెలివేసిన సంగతి మన పెద్దవాళ్ళకు జ్ఞాపకమే. అందుకే ఒంటరిగా వెళ్ళకండి. ఒకే చోట పనిచేసిన ముఠా అంతా కలిసి ఒక్క దరఖాస్తు పెట్టవచ్చు. ఇంకొక మాట. క్రైస్తవులైనవారికి ఎస్.సి., ఎస్.టి. అత్యాచారాల చట్టం వర్తించదని 2025లో మన హైకోర్టు తీర్పు ఇచ్చినప్పటినుండి, ఇక మనకు ఏ చట్టమూ లేదేమోనని కొందరు దిగులుపడుతున్నారు. కూలి బకాయి దరఖాస్తుకు కులంతో, మతంతో పని లేదు. పని చేశారా లేదా, అంతే. వకీలు ఖర్చుకు భయపడేవారు కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థను అడగండి. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం ఉంది. 15100 అనే నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

రైతు సోదరులు నొచ్చుకోవద్దు. 2025 మొదట్లో మిర్చి ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టి జోక్యం చేసుకోవలసి వచ్చిన రోజులు నేనెరుగుదును. కౌలురైతు కన్నీళ్ళు కూడా దేవుడు చూస్తాడు. అయితే ఎరువుల కొట్టు బాకీ, వడ్డీ బాకీ ముందు తీర్చి, గట్టిగా అడగలేదు గనుక కూలివాళ్ళను ఆఖరున నిలబెట్టడం న్యాయమేనా? చేతిలో లేకపోతే ఆ మాట వాళ్ళ ఎదుటనే చెప్పి, ఎంతో కొంత ఇచ్చి, మిగతాదానికి తేదీ వేసి సంతకం చేయండి. సంఘాలకూ ఇదే మాట. మందిరం కట్టిన తాపీ పనివారికి బాకీ ఉంచి ప్రతిష్ఠ పండుగ చేసిన చోట్లు ఉన్నాయి.

ఆ సహోదరి విషయం చెప్పి ముగిస్తాను. తెలిసిన వారంలోనే నేను, మరి ఇద్దరు పెద్దలు ఆయన ఇంటికి వెళ్ళాం. మొదట కోపగించుకున్నాడు, పన్నెండు రోజులే అన్నాడు. ఆమె కూతురి లెక్కల నోటుబుక్కు వెనుక అట్ట మీద పెన్సిలుతో గీసిన గీతలు ఇరవై మూడు ఉన్నాయి, పక్కన తేదీలు కూడా. రెండు విడతలుగా ఇచ్చాడు. రెండో విడత అందిన ఆదివారం ఆమె దశమభాగం కవరులో పెట్టి తెచ్చింది. ముందు కిరాణా కొట్టు బాకీ తీర్చిరా అమ్మా అని వెనక్కి పంపాను.