మృత్యువును దాటి చట్టసభకు

నాజీల మారణహోమం నుంచి బయటపడి అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన ఒకే ఒక్కడు టామ్ లాంటోస్. మానవ హక్కులకు గొంతుకైన ఆయనే ఒకసారి రుజువులేని సాక్ష్యానికి వేదిక కల్పించారు. మరోసారి భారత్‌ను హెచ్చరించారు.

2007 నవంబర్ 6. వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభ విదేశీ వ్యవహారాల కమిటీ విచారణ జరుగుతోంది. బోనులో నిలబడ్డట్టు కూర్చున్నారు యాహూ అధిపతి జెర్రీ యాంగ్. ఆయన వెనుక ఒక చైనా మహిళ కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. చైనాలో పదేళ్ల జైలుశిక్ష పడిన జర్నలిస్టు షి టావో తల్లి ఆమె. షి టావో ఈమెయిల్ ఖాతా వివరాలను చైనా అధికారులకు అందజేసింది యాహూయే. ఆ తల్లికి క్షమాపణ చెప్పుకోమని 79 ఏళ్ల ఛైర్మన్ లాంటోస్ సూచించారు. యాంగ్ వెనక్కి తిరిగి తల వంచారు. అయినా ఛైర్మన్ కోపం చల్లారలేదు. ‘‘సాంకేతికంగా, ఆర్థికంగా మీరు మహాకాయులే. నైతికంగా మాత్రం మరుగుజ్జులు’’ అని ముఖం మీదే అనేశారు. సరిగ్గా వారానికి యాహూ బాధిత కుటుంబాలతో రాజీ కుదుర్చుకుంది.

తైవాన్ నుంచి వలస వచ్చిన కోటీశ్వరుణ్ని అలా నిలదీసిన లాంటోస్ కూడా వలస వచ్చినవారే. కాకపోతే ఆయన వెంట అమెరికాకు వచ్చింది ఒక నెత్తుటి జ్ఞాపకం.

సురక్షిత గృహం

1928 ఫిబ్రవరి 1న హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో యూదు కుటుంబంలో పుట్టారు లాంటోస్. 1944 మార్చిలో జర్మన్ సేనలు హంగరీని ఆక్రమించేనాటికి ఆయన వయసు 16. ఆ మే నుంచి జులై మొదటి వారాల దాకా, రెండు నెలలు తిరగకుండానే, సుమారు 4.3 లక్షల మంది హంగరీ యూదులను రైళ్లలో కుక్కి తరలించారు. వారిలో అత్యధికులు చేరింది ఆష్విట్జ్ మృత్యు శిబిరానికి. లాంటోస్‌ను బుడాపెస్ట్‌కు ఉత్తరాన ఒక రైలు వంతెన మరమ్మతుల వద్ద వెట్టిచాకిరీకి పంపారు. ఆయన పారిపోయారు. దొరికిపోయి చావుదెబ్బలు తిన్నారు. మళ్లీ పారిపోయారు.

ఈసారి ఆదుకున్నది స్వీడన్ దౌత్యవేత్త రావుల్ వాలెన్‌బర్గ్ ఏర్పాటు. యూదులకు స్వీడన్ రక్షణ పత్రాలు ఇచ్చి, తమ దేశ జెండా కట్టిన ఇళ్లలో ఆయన ఆశ్రయం కల్పించేవారు. అలాంటి ఒక ఇంట్లో తలదాచుకున్న లాంటోస్ ఊరికే కూర్చోలేదు. నీలికళ్లు, బంగారు రంగు జుట్టు ఉండడంతో ఎవరూ యూదుడని అనుమానించేవారు కాదు. సైనిక క్యాడెట్ యూనిఫాం తొడుక్కుని, దాక్కున్నవాళ్లకు తిండీ మందులూ చేరవేశారు. 1945 జనవరిలో సోవియట్ సేనలు వచ్చాక ఇంటికి వెళితే తల్లి లేదు, అయినవాళ్లూ లేరు. అదే నెలలో వాలెన్‌బర్గ్‌ను సోవియట్ అధికారులు పట్టుకెళ్లారు. ఆయన మళ్లీ తిరిగి రాలేదు.

1947లో స్కాలర్‌షిప్‌పై లాంటోస్ న్యూయార్క్ రేవులో దిగినప్పుడు చేతిలో ఉన్న ఆస్తి ఒక హంగరీ మాంసం సాసేజ్ మాత్రమే. దాన్ని కూడా కస్టమ్స్‌వాళ్లు లాగేసుకున్నారని ఆయన తర్వాత నవ్వుతూ చెప్పేవారు. 1950లో చిన్ననాటి స్నేహితురాలు ఆనెట్‌ను పెళ్లాడారు. ఆమె కూడా నాజీల బారి నుంచి తప్పించుకున్నవారే. 1953లో బర్కిలీలో డాక్టరేట్ పొంది, శాన్‌ఫ్రాన్సిస్కోలో మూడు దశాబ్దాల పాటు ఆర్థికశాస్త్రం బోధించారు. 1980లో రీగన్ ప్రభంజనంలో డెమోక్రాట్లు ఎక్కడికక్కడ కొట్టుకుపోతుంటే, రీగన్ సొంత రాష్ట్రం కాలిఫోర్నియాలోనే సిట్టింగ్ రిపబ్లికన్ సభ్యుణ్ని ఓడించారు. ఆ తర్వాత 13 సార్లు గెలిచారు.

కాంగ్రెస్‌లో ఆయన చేసిన తొలి పని ప్రాణదాత రుణం తీర్చుకోవడం. 1981లో వాలెన్‌బర్గ్‌కు అమెరికా గౌరవ పౌరసత్వం ఇప్పించారు. అంతకు ముందు ఆ గౌరవం దక్కింది చర్చిల్‌కు మాత్రమే. 1983లో రిపబ్లికన్ సభ్యుడు జాన్ పోర్టర్‌తో కలిసి కాంగ్రెస్ మానవ హక్కుల కాకస్ స్థాపించారు. 2006లో దార్ఫుర్ హత్యాకాండకు నిరసనగా సుడాన్ ఎంబసీ ముందు బైఠాయించి, 78 ఏళ్ల వయసులో అరెస్టయ్యారు.

తప్పిన తూకం

అయితే బాధితుల పక్షాన నిలవాలన్న తపన అన్నిసార్లూ సరైన దారిలో నడవలేదు. 1990 అక్టోబర్ 10న ఆయన కాకస్ ముందు ఒక 15 ఏళ్ల కువైట్ బాలిక ఏడుస్తూ సాక్ష్యమిచ్చింది. ఇరాక్ సైనికులు ఇంక్యుబేటర్లలోంచి పసికందులను తీసి నేల మీద పడేశారన్నది ఆమె కథనం. దేశం కదిలిపోయింది. మూడు నెలల తర్వాత సెనేట్ 52-47 ఓట్లతో యుద్ధానికి అనుమతిచ్చింది. ఆ ఘటనను పదేపదే ప్రస్తావించినవారిలో సెనేటర్లూ ఉన్నారు. ఆమె అమెరికాలోని కువైట్ రాయబారి కుమార్తె అని 1992లో బయటపడింది. కువైట్ కోసం ప్రచారాన్ని నడిపింది హిల్ అండ్ నోల్టన్ అనే ప్రజాసంబంధాల సంస్థ. లాంటోస్, పోర్టర్ నేతృత్వంలోని ఒక ఫౌండేషన్‌కు ఆఫీసు కల్పించింది కూడా అదే సంస్థ. ఆ కథనానికి విశ్వసనీయ ఆధారాలు దొరకలేదని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ సైతం తేల్చింది.

ఆ బాలిక ఎవరో లాంటోస్‌కు ముందే తెలుసు. కువైట్‌లోని బంధువుల క్షేమం కోసమే వివరాలు దాచామన్నది ఆయన సమాధానం. కాకస్ అధికారిక కమిటీ కాదు. కాబట్టి అక్కడ ప్రమాణం చేయనక్కర్లేదు, అబద్ధమాడితే శిక్షా లేదు. 17 ఏళ్ల తర్వాత యాహూను నిలదీసిన పెద్దమనిషి నాడు తన సొంత సాక్షిని ఆ మాత్రం ప్రశ్నించలేదు. 2002లో ఇరాక్‌పై యుద్ధానికి కూడా ఆయన ఓటేశారు. తర్వాత బలగాల ఉపసంహరణ కోరినా, జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

ఢిల్లీకి హెచ్చరిక

ఆయన కోపాన్ని భారత్ కూడా చవిచూసింది. 2005 జులైలో మన్మోహన్ సింగ్, బుష్ పౌర అణు సహకారానికి అంగీకరించారు. సెప్టెంబర్‌లో విదేశాంగ మంత్రి నట్వర్ సింగ్ టెహ్రాన్ వెళ్లి ఇరాన్‌కు అనుకూలంగా మాట్లాడారు. యూదు రాజ్యానికి ఇరాన్‌ను పెనుముప్పుగా చూసే లాంటోస్ మండిపడ్డారు. అమెరికా ఆందోళనను లెక్కచేయకపోతే భారత్ భారీ మూల్యం చెల్లించాల్సి ఉంటుందని కమిటీ విచారణలో హెచ్చరించారు. ఆ నెల 24న వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఓటింగ్‌లో భారత్ ఇరాన్‌కు వ్యతిరేకంగా ఓటేసింది. సొంత ప్రయోజనాల మేరకే ఓటేశామని ప్రభుత్వం చెప్పినా, వాషింగ్టన్ బెదిరింపులకు లొంగారని యూపీయేకు మద్దతిస్తున్న వామపక్షాలు దుమ్మెత్తిపోశాయి.

విచిత్రమేమంటే, ఆ తర్వాత అణు బిల్లుకు గట్టి అండగా నిలిచిందీ లాంటోసే. రిపబ్లికన్ హెన్రీ హైడ్‌తో కలిసి ఆయన భుజానికెత్తుకున్న బిల్లును 2006 జులైలో ప్రతినిధుల సభ 359-68 ఓట్లతో ఆమోదించింది. డిసెంబర్‌లో అది హైడ్ చట్టమైంది. అందులోని ఇరాన్ ప్రస్తావనే ఢిల్లీలో నిప్పు రాజేసింది. 2008 జులైలో వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకున్నాయి. ఒప్పందంపై సంతకాలు జరిగింది ఆ అక్టోబర్‌లో. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ అమెరికా రియాక్టర్ల కోసం ఎంపికైంది ఆ తర్వాతే.

అప్పటికి లాంటోస్ లేరు. అన్నవాహిక క్యాన్సర్ సోకిందని, మళ్లీ పోటీ చేయనని 2008 జనవరిలో ప్రకటించారు. చిల్లిగవ్వ లేకుండా వచ్చిన తనలాంటివాడికి చదువు, కుటుంబం, చట్టసభలో స్థానం ఇవ్వడం అమెరికాలో మాత్రమే సాధ్యమన్నారు. ఫిబ్రవరి 11న, 80 నిండిన పది రోజులకు కన్నుమూశారు. ఆయన స్థాపించిన కాకస్ అదే ఏడాది కాంగ్రెస్ అధికారిక కమిషన్‌గా మారి ఆయన పేరే పెట్టుకుంది. షి టావో 2013లో జైలు నుంచి విడుదలయ్యారు.

నాజీలు తుడిచిపెట్టిన కుటుంబాన్ని మళ్లీ నింపుతామని ఇద్దరు కూతుళ్లూ లాంటోస్ దంపతులకు చిన్నప్పుడే మాటిచ్చారట. చివరి రోజుల్లో ఆయన చుట్టూ 17 మంది మనవలు, మనవరాళ్లు ఉన్నారు. ఆయన ఓటేసిన యుద్ధాల్లో ఇరాక్‌లో ఎన్ని ఇళ్లు ఖాళీ అయ్యాయన్నది మాత్రం ఆయన జీవితకథను చదివే ప్రతివారూ వేసుకోవాల్సిన ప్రశ్న.