బీడీ మానితే మోతాదు మారుతుంది

సైకియాట్రీ వార్డులో చేర్చుకునేటప్పుడు రోగి జేబులోని బీడీ కట్ట, అగ్గిపెట్టె తీసి ఇంటివాళ్ల చేతికిస్తారు. చూడ్డానికి చిన్న విషయమే. కానీ ఆ పూట నుంచే అతని ఒంట్లో మందుల లెక్క మారడం మొదలవుతుంది.

స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో పొగతాగేవాళ్లు మామూలు జనంలో కంటే చాలా ఎక్కువ. వేరే మందులకు జబ్బు లొంగకపోతే క్లోజపిన్ ఇస్తారు. కాలేయంలో ఈ మందును ముఖ్యంగా విరగ్గొట్టేది సీవైపీ1ఏ2 అనే ఎంజైమ్. పొగాకు కాలినప్పుడు వచ్చే తారులోని కొన్ని రసాయనాలు ఈ ఎంజైమ్‌ను పెంచేస్తాయి. దాంతో మందు త్వరగా ఖర్చయిపోతుంది. అందుకే బాగా పొగతాగే మనిషికి మోతాదు ఎక్కువ కావాలి. ఓలాంజపిన్ అనే మరో మందు సంగతీ ఇంతే.

వార్డులో పొగ ఆగిందా, వారం తిరిగేసరికి ఆ అదనపు ఎంజైమ్ తగ్గిపోతుంది. మింగే మాత్రలు అవే అయినా రక్తంలో క్లోజపిన్ ఒకటిన్నర రెట్లకు, కొందరిలో అంతకు మించి చేరుతుంది. మనిషి కూర్చున్నచోటే తూగుతుంటాడు. దిండు తడిసేలా సొంగ కారుతుంది. మలబద్ధకం ముదురుతుంది. మరీ పెరిగితే మూర్ఛలూ రావచ్చు. అందుకే పొగ మానిన తొలి వారంలోనే రక్తపరీక్ష చేసి మోతాదు సరిచూడాలి.

ఎంజైమ్‌ను పెంచేది పొగే, నికోటిన్ కాదు. నికోటిన్ ప్యాచ్ వల్ల ఈ లెక్క మారదు. బీడీలు లాగేసుకుని ప్యాచ్ కూడా ఇవ్వకపోవడం అన్యాయం. పొగ దొరకని తహతహలో వచ్చే చిరాకు, నిద్రలేమి చూసి జబ్బే ముదిరిందని పొరబడే ప్రమాదమూ ఉంది.

అసలు చిక్కు డిశ్చార్జి తర్వాత. ఊళ్లో బస్సు దిగగానే బీడీ వెలిగిస్తే, కొద్ది రోజుల్లోనే ఎంజైమ్ మళ్లీ పుంజుకుంటుంది. వార్డులో తగ్గించిన మోతాదు ఇక చాలదు. చెవిలో గొంతులు తిరిగి వినిపిస్తాయి. ఇంట్లోవాళ్లు మందులు మింగట్లేదని కోప్పడతారు. పాపం, అతను మింగుతూనే ఉంటాడు.

డాక్టరు దగ్గర బీడీల సంగతి దాచితేనే ఇంత చిక్కు, మద్యం అలవాటు దాచడం ఇంకా ప్రమాదం. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానితే రెండు మూడు రోజుల్లో వణుకు, భ్రమలు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

కాబట్టి చేర్పించేటప్పుడు పరువు కోసం ఏదీ దాచకండి. రోజుకు ఎన్ని బీడీలు, ఎంత మద్యం, గంజాయి ఉందా, అన్నీ చెప్పండి. ఇంటికొచ్చాక పొగ మొదలైనా, మానినా డాక్టరుకు కబురందించండి, మోతాదు మీరే మార్చొద్దు. సలహా కావాలంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు.