వాగుకూ ఒక టైంటేబుల్ ఉంటుంది

అమ్మకో నాన్నకో బదిలీ ఆర్డరు వస్తే మనకు బడి మారుతుంది, స్నేహితులు మారతారు. వాటితో పాటు దగ్గర్లోని కొండ, అడవి, జలపాతం కూడా మారతాయి. గోవాలో ఉన్నప్పుడు దూధ్‌సాగర్ చూసినవాళ్లం రెండేళ్లు తిరిగేసరికి షిల్లాంగ్‌లోనో డెహ్రాడూన్‌లోనో ఉంటాం. సెలవుల్లో కుటుంబంతోనో, స్కౌట్స్ అండ్ గైడ్స్ బృందంతోనో కొండలెక్కుతాం, వాగు దగ్గర గుడారం వేస్తాం. అయితే పాత ఊరి వాగు దగ్గర నేర్చుకున్నది కొత్త ఊళ్లో పనికిరాకపోవచ్చు. ప్రతి వాగుకూ తనదైన టైంటేబుల్ ఉంటుంది మరి. అది తెలుసుకోవాలంటే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ నీరు ఎక్కడి నుంచి వస్తోంది?

ఒక్కో చోట ఒక్కో తీరు

పడమటి కనుమల్లో నీటికి ఆధారం నైరుతి రుతుపవనాలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మాండోవి నది మీద దూధ్‌సాగర్ (310 మీటర్లు), శరావతి మీద జోగ్ (253 మీటర్లు) హోరెత్తుతాయి. వేసవి వచ్చేసరికి సన్నబడిపోతాయి.

మన శేషాచలం అడవుల్లోని తలకోన సంగతి వేరు. 270 అడుగుల ఎత్తు నుంచి దూకే ఈ జలపాతం ఉన్న ప్రాంతానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు కూడా వానలు తెస్తాయి. 2021లో తిరుపతి, కడప ప్రాంతాలను వరదలు ముంచెత్తింది నవంబరులోనే. పడమటి కనుమల నుంచి కొత్తగా వచ్చినవారు "దసరా అయిపోయింది కదా, ఇక వానలెక్కడివి?" అనుకుంటే పొరపాటే.

మేఘాలయలోని సోహ్రా దగ్గర ఏడాదికి 11,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అక్కడి పీఠభూమి మీద మట్టి పొర పలుచన. నీరు ఇంకే వీలు తక్కువ కాబట్టి కురిసిన వాన కురిసినట్టే వాగుల్లోకి పరుగెడుతుంది. 340 మీటర్ల నోహ్‌కలికాయ్ జలపాతం వానాకాలంలో గర్జిస్తుంది, చలికాలంలో తెల్లని దారంలా వేలాడుతుంది.

హిమాలయాల్లో మంచు కరిగి పుట్టే వాగులకు రోజువారీ టైంటేబుల్ కూడా ఉంది. ఎండ ఎక్కేకొద్దీ మంచు కరుగుతుంది. ఆ నీరు కిందికి చేరేసరికి మధ్యాహ్నమో సాయంత్రమో అవుతుంది. అందుకే తెల్లవారుజామున మోకాలి లోతున్న వాగు సాయంత్రానికి నడుము దాటవచ్చు. అక్కడ కొండలెక్కేవారు వాగులను పొద్దున్నే దాటేస్తారు.

తలపైన ఎండ, ఎగువన వాన

అన్నిచోట్లా వర్తించే సంగతి ఒకటుంది. మనం నిలబడ్డ చోట ఆకాశం తేటగా ఉందంటే వాగు క్షేమంగా ఉన్నట్టు కాదు. ఎగువన ఎన్నో కొండల మీద పడ్డ వాన ఒకే వాగులోకి చేరుతుంది. అక్కడి మబ్బు ఇక్కడికి కనిపించదు.

ఒక్కోసారి వాన కూడా అక్కర్లేదు. 2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి హిమాచల్ ప్రదేశ్ విహారయాత్రకు వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు బియాస్ నదిలోకి దిగి రాళ్ల మీద ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన ఉన్న లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీరు వారిని ముంచెత్తింది. 24 మంది విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. నది ఎగువన డ్యాం ఉంటే గేట్లే ఆ నది టైంటేబుల్. హెచ్చరిక బోర్డులను, సైరన్‌ను తేలిగ్గా తీసుకోకూడదు.

మోకాలి లోతు నీరేగా?

ఒక చిన్న లెక్క చేద్దాం. మూడు మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు ఉన్న వాగు సెకనుకు రెండు మీటర్ల వేగంతో పారుతోందనుకుందాం. మూడును అర మీటరుతో, ఆపైన రెండుతో హెచ్చిస్తే సెకనుకు మూడు ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు నీటి బరువు 1,000 కిలోలు. అంటే ప్రతి సెకనూ మూడు టన్నుల నీరు మనల్ని దాటి వెళుతోంది! పైగా వేగం రెండింతలైతే నీరు మన కాళ్లను నెట్టే బలం నాలుగింతలవుతుంది. నిన్న సులువుగా దాటిన వాగు, లోతు కొంచెమే పెరిగినా, ఈరోజు మనల్ని పడేయడానికి ఇదే కారణం.

వాగు వదిలే గుర్తులు

వాగు తాను ఎంత ఎత్తుకు వచ్చిందో గట్టు మీద రాసి వెళుతుంది. చెట్ల కొమ్మలకు చిక్కుకున్న ఎండుగడ్డి, పుల్లలు, చిరిగిన ప్లాస్టిక్ కవర్లు ఎంత ఎత్తులో ఉన్నాయో చూడాలి. పాత వరద అక్కడి దాకా వచ్చిందన్నమాట. గుడారం అంతకన్నా బాగా పైన వేయాలి. ఇసుక మేట మెత్తగా, చదునుగా ఉంటుంది. కానీ దాన్ని అక్కడికి తెచ్చి పోసింది వరదే. అడవిలో రాత్రి బస చేయాలంటే అటవీశాఖ అనుమతి కూడా ఉండాలి.

తేట నీరు ఉన్నట్టుండి బురదరంగుకు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా, అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడు వినిపించినా వెంటనే గట్టు ఎక్కాలి. నీరు ఒక్కసారిగా తగ్గిపోయినా అనుమానించాలి. ఎగువన చెట్లో కొండచరియలో అడ్డుపడి ఉండవచ్చు. ఆ అడ్డు తెగితే నీరంతా ఒక్కపెట్టున వస్తుంది. చెప్పులు, సంచి, ఫోన్ కోసం వెనక్కి వెళ్లకూడదు.

వాగు దాటడం పెద్దల నిర్ణయం. దాటక తప్పకపోతే వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న చోటు చూడాలి. ఇరుకైన చోట నీరు వేగంగా పారుతుంది. సంచి నడుము బెల్టు విప్పుకోవాలి, పడితే సంచిని వదిలేయడానికి వీలుగా. చేతికర్ర ఊతంగా, ముఖం ఎగువకు తిప్పి, ఒక్కో అడుగే వేయాలి. అనుమానం ఉంటే ఆగడమే మేలు.

జలపాతం కింది మడుగులోకి దూకకూడదు. ఏళ్ల తరబడి పడే నీరు అడుగున ఎంత లోతు తొలిచిందో, ఏ రాయి ఎక్కడుందో పైకి కనపడదు. పాచి పట్టిన బండ నున్నగా జారుతుంది. నీటితో పాటు పైనుంచి రాళ్లు కూడా పడతాయి.

ఎవరిని అడగాలి?

మనం వాగు అన్నదాన్ని కన్నడిగులు హళ్ళ అంటారు, తమిళులు ఓడై, మరాఠీవారు ఓఢా, గఢ్‌వాల్‌లో గధేరా అంటారు. ఖాసీలో నదిని వా అంటారు. కొత్త ఊరికి వెళ్లగానే ఆ మాట నేర్చుకుందాం. దానితో పాటు "ఇది ఎప్పుడు పొంగుతుంది? నీరు ఎక్కడి దాకా వస్తుంది?" అని అడగడం కూడా నేర్చుకుందాం. పక్క బెంచీలోని స్థానిక స్నేహితుడి తాతగారికో, పశువులు మేపుకునే పెద్దమ్మకో ఆ వాగు టైంటేబుల్ కంఠతా వచ్చి ఉంటుంది. వాళ్లు "ఈరోజు వద్దు" అంటే మానేద్దాం. జలపాతం ఎక్కడికీ పోదు, ఇంకో ఆదివారం వెళ్లవచ్చు.