కంప్యూటర్ ఎక్కడ ఆగిపోయింది?

పిల్లలూ! ఒక బస్సు సిరిసిల్లలో బయలుదేరి వేములవాడ, జగిత్యాల మీదుగా కోరుట్ల చేరాలనుకోండి. వేళ దాటినా రాలేదు. మీరేం చేస్తారు? దారంతా వెతుక్కుంటూ పోరు కదా! ఒక్కొక్క బస్టాండుకు ఫోన్ చేసి అడుగుతారు. జగిత్యాల దాటిందనీ, కోరుట్లకు రాలేదనీ తెలిసిందా, చిక్కు ఆ రెంటి మధ్యనే ఉంది. ఆగిపోయిన కంప్యూటర్‌లో తప్పు పట్టుకునేదీ ఈ పద్ధతిలోనే.

మీట నొక్కగానే కంప్యూటర్‌లో ముందు ఒక చిన్న ప్రోగ్రాం మేలుకొంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నల్‌ను మెమరీలోకి తెచ్చే ఏర్పాటు చేస్తుంది. కెర్నల్ తన వంతుగా డిస్కు, కీబోర్డు, తెర మొదలైన పరికరాలను నిద్ర లేపుతుంది. "సిద్ధమా?" అని అడిగి జవాబు కోసం చూస్తుంది. పరికరం సిద్ధమైతే దానిలోని ఒక బిట్ 0 నుంచి 1కి మారుతుంది.

ఆ బిట్ ఎన్నటికీ మారకపోతే? ఎంతసేపు ఆగాలో ప్రోగ్రాంలో రాయకపోతే కెర్నల్ అదే ప్రశ్న అడుగుతూ ఉండిపోతుంది. విద్యుత్తు ఉంటుంది, ఫ్యాను తిరుగుతుంది, పని మాత్రం సాగదు!

తెర ఇంకా మేలుకోనప్పుడు ఈ సంగతి మనకెవరు చెబుతారు? అందుకే నిపుణులు సీరియల్ తీగతో మరో కంప్యూటర్‌ను కలిపి, కెర్నల్ పంపే సందేశాలను అక్కడ చదువుతారు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్‌లో ఇందుకొక సదుపాయం ఉంది. ప్రతి పని మొదలైనప్పుడు ఒక సందేశం, ముగిసినప్పుడు మరొకటి రాయిస్తుంది. మొదలై ముగియని పని మీదే మన అనుమానం.

కాని తొందరపడి నేరం మోపకండి! చివరి సందేశాలు బయటికి రాకముందే యంత్రం ఆగి ఉండవచ్చు. అందుకే ప్రయోగం చేయాలి. అనుమానించిన భాగాన్ని ఒక్కదాన్నే తొలగించి మళ్లీ నడపాలి. నడిస్తే అనుమానం బలపడినట్లు. నడవకపోతే మరోచోట వెతకాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలన్న ప్రయోగశాల నియమం ఇక్కడా వర్తిస్తుంది.

పాత కెర్నల్ నడిచి, కొత్తది ఆగిపోయిందనుకోండి. మధ్యలో 1024 మార్పులు జరిగాయి. అన్నిటినీ పరీక్షించాలా? అక్కరలేదు. సరిగ్గా సగం మార్పులున్న కెర్నల్‌ను నడపండి. అది నడిస్తే తప్పు రెండో సగంలో, ఆగితే మొదటి సగంలో. 512, 256, 128... ఇలా 10 పరీక్షల్లో తప్పు చేసిన మార్పు దొరుకుతుంది!

ఇక మందు ఏమిటి? సిరిసిల్లలో సాంచాలనే మరమగ్గాలను చూశారా? పేక దారం తెగితే మగ్గాన్ని ఆపే ఏర్పాటు మరమగ్గాల్లో ఉంటుంది. లేకుంటే దారం లేకుండానే మగ్గం ఆడుతూ బట్ట చెడిపోతుంది. కెర్నల్‌కూ అటువంటి ఏర్పాటే కావాలి. నియమిత కాలంలో జవాబు రాకపోతే, "ఫలానా పరికరం పలకలేదు" అని రాసి ముందుకు సాగాలి.

మీరూ చేసి చూడండి. మీ స్నేహితుణ్ణి 1 నుంచి 1024 లోపు ఒక అంకె తలచుకోమనండి. అవును, కాదు అనే జవాబులతో 10 ప్రశ్నల్లో కనుక్కోగలరా?