నెమలినార: నేతపేటలకు తగిన నీడచెట్టు

షోలాపూరు తూర్పుభాగమున సాఖరుపేట, దాజీపేట, భద్రావతిపేట మొదలగు పేటలలో తెలుగు పద్మశాలీలు తరతరములుగా నివసించుచున్నారు. వీరి పూర్వులు 19వ శతాబ్దిలోను, అటుపిమ్మటను తెలంగాణమునుండి మగ్గమునే నమ్ముకొని వచ్చినవారు. ఇరుకు సందులు, రేకుల కప్పులు, 40 డిగ్రీలు దాటు వేసవి యెండ, తొలకరికి ముందు దుమ్ము రేపు గాలులు గల యీ పేటలలో నీడచెట్టు అలంకారము గాదు, అవసరము. గాలికి విరుగక, తెగులునకు లొంగక నిలుచు చెట్టేది యని విచారించువారికి ఐరోపాలోని ‘ఎల్మ్’ వృక్షచరిత్ర తెలియదగినది.

ఎల్మ్ అచ్చటి నగరవీథులకును, సముద్రతీరములకును పేరెన్నికగన్న చెట్టు. దాని కొయ్యలోని నారలు ఒకదానితో నొకటి పెనగొని యుండుటచే సులభముగా చీలదు. ఉప్పుగాలిని సైతము ఓర్చును. అయినను 1919 ప్రాంతమున హాలెండులో ఒక బూజుతెగులు దానిని పట్టెను. బెరడు తొలుచు పురుగులు బూజును చెట్టునుండి చెట్టునకు మోయును. అది నీటినాళములలో ప్రవేశింపగా చెట్టు ఆత్మరక్షణకై ఆ నాళములను తానే మూసికొనును. తుదకు కొమ్మలు నీరందక యెండును. 1922లో బేయా ష్వార్జ్ అను విదుషి యీ బూజును గుర్తించెను. 1960 తరువాతి రెండవ విజృంభణమున ఒక్క బ్రిటనులోనే రెండున్నర కోట్లకు పైగా చెట్లు నశించినవి.

హాలెండు శాస్త్రజ్ఞులు 1928 నుండి తెగులునకు తాళగల రకములను సంకరపద్ధతిని పెంపసాగిరి. 1973లో వెలువడిన లోబెల్, డోడోన్స్, ప్లాంటిన్ అను రకములలో హిమాలయపు ఎల్మ్ వంశము కలిసియున్నది. ఆ బూజునకు దగ్గరి జాతి యొకటి హిమాలయములలో నున్నట్లు 1995లో ప్రకటితమైనది. అయినను అచ్చటి చెట్లు మహామారికి లోనుగాలేదు.

చలిదేశపు ఎల్మ్ షోలాపూరు ఎండకు తగినది గాదు. కాని దాని బంధువు మన నేలనే కలదు. అదియే నెమలినార. దీనినే తపసిచెట్టనియు అందురు. మరాఠీలో వావళ, సంస్కృతమున చిరబిల్వము. సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గు దీనిని 18వ శతాబ్ది చివర ఎల్మ్ జాతిగా వర్ణించెను. 1848లో ప్లాంషాన్ దీనిని హోలోప్టీలియా అను వేరు ప్రజాతిగా ఏర్పరచెను. ఇది సుమారు 60 అడుగులెదుగును, అనావృష్టికి ఓర్చును. చలికాలము చివర ఆకు రాల్చి పూచును. వేసవిలో దాని గుండ్రని రెక్కల కాయలు గాలికెగిరి దూరముగా పడును.

ఇందొక దోషము కలదు. దీని పుప్పొడి గాలిలో వ్యాపించి, కొందరికి తుమ్ములను, ఉబ్బసమును కలిగించునని వైద్యులు నిర్ధారించిరి. మగ్గములయొద్ద పత్తిదుమ్ము, ఇండ్లలో స్త్రీలు చుట్టు బీడీల పొగాకు ధూళి యిదివరకే ఊపిరితిత్తులకు భారముగా నుండగా, వాకిటిలో ఈ పుప్పొడి తోడగుట మంచిది గాదు. కావున నెమలినారను పేటల వెలుపలి మైదానములందును, వెడల్పు బాటల యంచులందును నాటుట యుక్తము. సందులలో వేప, కానుగ మేలు. వాని పుప్పొడిని ఎక్కువగా తేనెటీగలే మోయును.

ఎట్టి చెట్టయినను వేళ్ళకు చోటులేనిచో గాలికి నిలువదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానునకు విశాఖపట్టణమున అసంఖ్యాకముగా చెట్లు కూలుట తెలుగువారెరిగినదే. మొదలు చుట్టును సిమెంటు పోయక మట్టిని విడుచుట ముఖ్యము.

ఎల్మ్ చరిత్రము నేర్పు పాఠమొకటే. వీథినంతయు ఒకే జాతితో నింపినచో ఒక్క తెగులు వచ్చిననాడు నీడయంతయు పోవును. పలుపోగులు కలిసినగాని దుప్పటికి బలము రాదని నేతగానికి వేరుగ చెప్పనక్కరలేదు. చెట్ల విషయమునను అంతే.