చెక్క బ్లైండ్లు: ఎండ ఆగుతుంది సరే, వేడి మాటేమిటి?

పడమటి గది ఉన్న ఇంట్లో వేసవి వచ్చిందంటే ఒకటే బాధ. మధ్యాహ్నం మూడు దాటిన దగ్గర నుంచి పొద్దుగూకేదాకా కిటికీలోంచి ఎండ తిన్నగా మంచం మీద పడుతుంది. తెర కోసం దుకాణానికి వెళితే, కర్టెన్ల పక్కనే చెక్క బ్లైండ్లు చూపిస్తున్నారు. సన్నని చెక్క పట్టీలను అడ్డంగా వరసగా తాళ్లకు అమర్చి, తిప్పితే తెరుచుకుని మూసుకునేలా చేసినవి. ‘కలప కదండీ, వేడిని లోపలికి రానివ్వదు’ అన్నది అక్కడ తరచూ వినిపించే మాట. అందులో నిజం పాలు కొద్దిగానే ఉంది.

కలప ఉష్ణాన్ని తేలిగ్గా పోనివ్వదు. అల్యూమినియంతో పోలిస్తే దాని ఉష్ణవాహకత సుమారు వెయ్యో వంతు. కానీ బ్లైండు పట్టీ మందం 3 మిల్లీమీటర్లు. మామూలు ఒంటి గాజు కిటికీ వేడికి ఇచ్చే నిరోధంలో ఆ పలుచని చెక్క అదనంగా చేర్చేది ఎనిమిదో వంతు మాత్రమే. పైగా పట్టీకీ పట్టీకీ మధ్య సందులు ఉండనే ఉన్నాయి.

అసలు కథ ఎండతో వచ్చే వికిరణానిది. సూర్యుడి నుంచి వచ్చే శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలో ఉంటుంది. వీటిలో చాలా భాగాన్ని మామూలు గాజు లోపలికి వదిలేస్తుంది. ఆ ఎండను పీల్చుకుని చెక్క పట్టీ వేడెక్కుతుంది. వేడెక్కిన పట్టీ మళ్లీ వెదజల్లే కిరణాల తరంగదైర్ఘ్యం చాలా ఎక్కువ. వాటిని గాజు దాటనివ్వదు. అంటే లోపలికి వచ్చిన వేడికి బయటికి దారి లేదు. గదిలో వెలుగు తగ్గుతుంది గానీ పట్టీలు పీల్చుకున్న వేడిలో చాలా భాగం గదిలోనే తిరుగుతుంది. తెలుపు, లేత రంగు పట్టీలు నయం. అవి ఎండలో కొంత భాగాన్ని వచ్చిన దారినే గాజులోంచి వెనక్కి పంపేస్తాయి. ముదురు టేకు రంగు చూడ్డానికి ఎంత బాగున్నా, పడమటి కిటికీకి అది కొని తెచ్చుకున్న తాపమే.

ఆ తెరనే గాజుకు బయట కడితే లెక్క తిరగబడుతుంది. పాత ఇళ్ల వసారాలకు వేలాడదీసిన వెదురు తడికెలు చేసిన పని అదే. తడికె కూడా వేడెక్కుతుంది, కానీ ఆ వేడిని గాలి బయటే పట్టుకుపోతుంది. ఇంధన సామర్థ్య సంస్థ 2018లో ఇళ్ల కోసం తెచ్చిన ‘ఎకో నివాస్ సంహిత’ గోడలు, కిటికీల గుండా వచ్చే వేడిని లెక్కగట్టేటప్పుడు కిటికీకి బయట ఉండే ఛజ్జాల నీడను పరిగణిస్తుంది.

కిటికీ ఏ దిక్కున ఉందన్నదీ చూసుకోవాలి. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివర్లో కూడా మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు, వేసవిలో దాదాపు నెత్తి మీదే. కాబట్టి దక్షిణపు కిటికీకి ఛజ్జా ఉంటే చాలావరకు సరిపోతుంది. సాయంత్రపు ఎండ మాత్రం ఛజ్జా కింద నుంచి దూరుతుంది. దాన్ని ఆపాలంటే అడ్డపట్టీలను దాదాపు పూర్తిగా మూయాలి. అప్పుడిక గాలీ లేదు, బయటి దృశ్యమూ లేదు. అక్కడ బయటి తడికెను మించింది లేదు. నీడనిచ్చే చెట్టుంటే అదృష్టం.

కళ్లు చెదరకుండా వెలుగును సర్దుకోవడానికి, అందానికి చెక్క బ్లైండే కావాలనుకుంటే కలప స్వభావం తెలియాలి. పొడిగాలిలో దాని తేమ 6 శాతం దాకా పడిపోతుంది, ముసురు పట్టిన వానాకాలంలో 16 శాతానికి చేరుతుంది. ఆ తేడాకు 50 మిల్లీమీటర్ల వెడల్పున్న టేకు పట్టీ ఒక మిల్లీమీటరు వరకు ఉబ్బి తగ్గుతుంది. దిగుమతి బ్లైండ్లలో ఎక్కువగా కనిపించే బాస్‌వుడ్ ఒకటిన్నర. పొడవు మాత్రం మీటరుకు మిల్లీమీటరు కూడా మారదు. నార వెంబడి కలప కదలిక అతి తక్కువ, అందుకే పట్టీలను నార పొడవునా కోస్తారు. ఒక ముఖం ఎండి మరొకటి ఎండకపోతే పట్టీ వంకర పోతుంది. కొనేటప్పుడు రెండు ముఖాలకూ, తాడు దూరే రంధ్రాల అంచులకూ కూడా పాలిష్ పట్టిందో లేదో చూడాలి. స్నానాలగదికి పీవీసీ పట్టీలే మేలు.

బరువు కూడా తక్కువేం కాదు. 1.2 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల ఎత్తున్న కిటికీకి 35 పట్టీలు పడతాయనుకుంటే టేకువి 4 కిలోల పైమాటే, బాస్‌వుడ్‌వి రెండున్నర. ఆ బరువు లాగే తాడు దగ్గరే అసలు ప్రమాదం ఉంది. వేలాడే తాడు ఉచ్చులా మెడకు చుట్టుకుని పసిపిల్లలు చనిపోయిన ఘటనలు ఎన్నో దేశాల్లో నమోదయ్యాయి. అమెరికాలో దుకాణాల్లో తయారుగా అమ్మే బ్లైండ్లకు పిల్లలకు అందే తాడు ఉండకూడదన్న ప్రమాణం 2018 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. పిల్లలున్న ఇంట్లో తాడు లేని రకమే తీసుకోవాలి. ఇప్పటికే తాడున్నది బిగించి ఉంటే, దాన్ని పిల్లలకందనంత ఎత్తున గోడకు కొక్కెం వేసి చుట్టేయాలి. ఉయ్యాలనూ మంచాన్నీ ఆ కిటికీకి దూరంగా జరపాలి.